ఐసోబ్యూటేన్‌లో క్లోరిన్ ఒక చోట, బ్రోమిన్ మరో చోట ఎందుకు చేరతాయి?

మీ ప్రశ్న ఇది: ఐసోబ్యూటేన్‌ను వెలుగులో క్లోరిన్‌తో చర్య జరిపిస్తే 64 శాతం ప్రైమరీ క్లోరైడ్ (చివరి కార్బన్ మీద క్లోరిన్ చేరినది) వస్తుంది, టెర్షియరీ క్లోరైడ్ (మూడు కార్బన్లకు అతుక్కున్న మధ్య కార్బన్ మీద చేరినది) 36 శాతమే. అదే బ్రోమిన్‌తో అయితే 99 శాతానికి పైగా టెర్షియరీ బ్రోమైడే. టెర్షియరీ ఫ్రీ రాడికల్‌కు (మధ్య కార్బన్ మీద జత లేని ఎలక్ట్రాన్ ఉన్న కణానికి) స్థిరత్వం ఎక్కువ అన్న సూత్రం బ్రోమిన్‌కు పనిచేసి క్లోరిన్‌కు ఎందుకు పనిచేయలేదు? “బ్రోమిన్ సెలెక్టివ్, క్లోరిన్ రియాక్టివ్” అని మీ లెక్చరర్ ఒక్క మాటలో తేల్చేశారు. అది కారణమా, లేక జరిగినదానికి పెట్టిన పేరా అని అడిగారు.

పేరే. కారణం వేరే ఉంది, అది కష్టమైనదేమీ కాదు. కాకపోతే దాని దగ్గరికి వెళ్లేముందు ఒక లెక్క సరిచేసుకోవాలి. ఎందుకంటే క్లోరిన్‌కు ఆ సూత్రం పనిచేయలేదన్న మాటే నిజం కాదు.

ఐసోబ్యూటేన్‌లో మూడు మీథైల్ సమూహాలున్నాయి, అంటే ప్రైమరీ హైడ్రోజన్లు 9. మధ్య కార్బన్ మీద ఉన్న టెర్షియరీ హైడ్రోజన్ ఒక్కటే. క్లోరిన్ ఏ తేడా చూపకుండా తగిలినదాన్ని లాక్కుపోయేదైతే టెర్షియరీ క్లోరైడ్ 10 శాతమే రావాలి. వచ్చింది 36. కాబట్టి ఒక్కో హైడ్రోజన్‌కు ఎంత వాటా పడిందో చూడండి. 64ను 9తో భాగిస్తే సుమారు 7, 36ను 1తో భాగిస్తే 36. టెర్షియరీ హైడ్రోజన్ ప్రైమరీ హైడ్రోజన్ కంటే ఐదు రెట్లు సులభంగా పోతోంది. క్లోరిన్ కూడా టెర్షియరీనే కోరుకుంటోంది. ఆ మొగ్గు చిన్నది కావడంతో, ఎదురుగా తొమ్మిది ఉండేసరికి సంఖ్యాబలం గెలిచింది, అంతే.

గది ఉష్ణోగ్రత దగ్గర క్లోరినేషన్‌కు పుస్తకాల్లో ఇచ్చే నిష్పత్తి ప్రైమరీ 1, సెకండరీ (రెండు కార్బన్లకు అతుక్కున్న కార్బన్ మీద ఉన్నది) 3.9, టెర్షియరీ 5.2. బ్రోమినేషన్‌కు 127 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1, 82, 1600. ఇవి ఒక్కో హైడ్రోజన్‌కు చెప్పిన విలువలు. శాతాలు కావాలంటే హైడ్రోజన్ల సంఖ్యతో గుణించాలి. పరీక్షలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే: నిష్పత్తి రాస్తారు, హైడ్రోజన్లను లెక్కపెట్టరు. బ్రోమిన్ లెక్క చేసి చూడండి. 9 ఇంటు 1 అంటే 9, 1 ఇంటు 1600 అంటే 1600. టెర్షియరీ వాటా 99.4 శాతం. సంఖ్యాబలం ఇక్కడ దేనికీ చాలలేదు.

అందుచేత అసలు ప్రశ్నను ఇలా అడగాలి: టెర్షియరీ వైపు మొగ్గు రెండింటికీ ఉన్నప్పుడు, క్లోరిన్‌కు అది 5 రెట్లతో ఆగిపోయి బ్రోమిన్‌కు 1600 రెట్ల దాకా ఎందుకు వెళ్లింది?

ముందుగా, ఈ గొలుసు చర్యలో ఏ మెట్టు దీన్ని నిర్ణయిస్తుందో చూద్దాం. మొదట వెలుగు క్లోరిన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది. ఆ బంధం తెంచడానికి మోల్‌కు 243 కిలోజౌళ్లు కావాలి, అంటే దాదాపు 490 నానోమీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యమున్న నీలి కాంతి చాలు. కార్బన్–హైడ్రోజన్ బంధం జోలికి ఆ కాంతి వెళ్లదు. తరువాత రెండు మెట్లు ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ ఉంటాయి. క్లోరిన్ పరమాణువు ఆల్కేన్ నుంచి హైడ్రోజన్‌ను లాగి హైడ్రోజన్ క్లోరైడ్ అవుతుంది, ఆల్కైల్ రాడికల్ మిగులుతుంది. ఆ రాడికల్ మరో క్లోరిన్ అణువును తాకి ఆల్కైల్ క్లోరైడ్ అవుతుంది, కొత్త క్లోరిన్ పరమాణువు బయటికి వస్తుంది. అది మళ్లీ మొదటి మెట్టుకు వెళుతుంది. ఒక్క ఫోటాన్ మొదలుపెట్టిన గొలుసు వేల అణువుల దాకా నడుస్తుంది. చివరికి రెండు రాడికళ్లు ఒకదానినొకటి తాకితే గొలుసు తెగుతుంది. మీథేన్ క్లోరినేషన్‌లో కొద్దిగా ఈథేన్ కనబడేది అందుకే, రెండు మీథైల్ రాడికళ్లు కలిసినప్పుడు. పాత్రలో కొంచెం ఆక్సిజన్ ఉన్నా అది మీథైల్ రాడికల్‌ను పట్టేసుకుంటుంది, ఆ ఆక్సిజన్ అయిపోయేదాకా చర్య వేగం పుంజుకోదు. ఈ యంత్రాంగం నిజమేనని చెప్పే గట్టి సాక్ష్యాల్లో అదొకటి.

కొందరు విద్యార్థులు అడిగే మంచి సందేహం ఒకటి ఇక్కడ చెప్పాలి. క్లోరిన్ పరమాణువు హైడ్రోజన్‌ను లాగే బదులు నేరుగా కార్బన్‌కు అతుక్కుని హైడ్రోజన్ పరమాణువును బయటికి నెట్టొచ్చు కదా? కాగితం మీద రాయొచ్చు. కానీ మీథేన్‌లో కార్బన్–హైడ్రోజన్ బంధం తెంచడానికి 439 కిలోజౌళ్లు పెట్టి, కార్బన్–క్లోరిన్ బంధం నుంచి సుమారు 350 మాత్రమే తిరిగి పొందుతాం. దాదాపు 90 నష్టం. హైడ్రోజన్‌ను లాగితే హైడ్రోజన్ క్లోరైడ్ బంధం నుంచి 432 వస్తుంది, నష్టం 7 మాత్రమే. చర్య ఏ దారిన వెళుతుందో ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఏ హైడ్రోజన్ పోయిందన్నది తేలిపోయేది ఈ లాగే మెట్టులోనే. రాడికల్ ఏర్పడ్డాక హాలోజన్ వచ్చి చేరేది ఆ కార్బన్‌కే. కాబట్టి మిగతా మెట్లన్నీ పక్కనపెట్టి ఈ ఒక్కదానికి శక్తి లెక్క వేయండి. గుర్తుపెట్టుకోవాల్సిన బంధశక్తులు కొన్నే: హైడ్రోజన్ క్లోరైడ్ 432, హైడ్రోజన్ బ్రోమైడ్ 366. ప్రైమరీ కార్బన్–హైడ్రోజన్ బంధం సుమారు 423, సెకండరీ 412, టెర్షియరీ 404. అన్నీ మోల్‌కు కిలోజౌళ్లలో.

క్లోరిన్ ప్రైమరీ హైడ్రోజన్‌ను లాగితే 423 లోంచి 432 తీసేయాలి, మైనస్ 9. టెర్షియరీని లాగితే మైనస్ 28. రెండూ ఉష్ణమోచకాలే, అంటే శక్తి బయటికి వస్తుంది. బ్రోమిన్ ప్రైమరీని లాగితే ప్లస్ 57, టెర్షియరీని లాగితే ప్లస్ 38. రెండూ ఉష్ణగ్రాహకాలే, అంటే శక్తి లోపలికి పెట్టాలి.

ఇప్పుడు ఆ నాలుగు అంకెల దగ్గర కాసేపు ఆగండి. క్లోరిన్‌లో ప్రైమరీకీ టెర్షియరీకీ తేడా 19. బ్రోమిన్‌లోనూ 19. తేడా అదే! ఏర్పడే రాడికళ్లు రెండు సందర్భాల్లోనూ అవే కాబట్టి, వాటి స్థిరత్వంలో తేడా కూడా అదే. అంటే “టెర్షియరీ రాడికల్ స్థిరమైనది” అనే వాక్యం ఒక్కటి రాసి వదిలేస్తే 5 ఎందుకు వచ్చిందో, 1600 ఎందుకు వచ్చిందో రెండూ చెప్పలేం. చాలా జవాబు పత్రాల్లో ఆ వాక్యం దగ్గరే సమాధానం ఆగిపోతుంది. అది సగం సమాధానం.

మిగతా సగం ట్రాన్సిషన్ స్టేట్‌లో, అంటే చర్య దారిలో శక్తి అత్యధికంగా ఉండే స్థితిలో ఉంది. చర్య వేగాన్ని నిర్ణయించేది చివర ఏర్పడే రాడికల్ ఎంత కింద ఉందన్నది కాదు, మధ్యలో దాటాల్సిన శిఖరం ఎంత ఎత్తుందన్నది. రాడికల్‌కున్న స్థిరత్వం ఆ శిఖరం దాకా ఎంత చేరిందన్నదే ప్రశ్న. ఆ శిఖరం దగ్గర అణువు ఎలా కనబడుతుందో ఊహించడానికి జార్జ్ హామండ్ 1955లో ఒక సూత్రం ఇచ్చాడు: శక్తిలో దగ్గరగా ఉన్నవి ఆకారంలోనూ దగ్గరగా ఉంటాయి. ఉష్ణమోచక మెట్టులో శిఖరం మొదటి పదార్థాలకు దగ్గర, ఉష్ణగ్రాహక మెట్టులో ఉత్పన్నాలకు దగ్గర.

క్లోరిన్ విషయంలో శిఖరం తొందరగా వచ్చేస్తుంది. అప్పటికి కార్బన్–హైడ్రోజన్ బంధం కొంచెమే సాగి ఉంటుంది, కార్బన్ మీద రాడికల్ లక్షణం ఇంకా పూర్తిగా రాలేదు. రానిదాని స్థిరత్వం ఎంతని ఉపయోగపడుతుంది? 19 కిలోజౌళ్ల తేడాలో శిఖరం దగ్గర కనిపించేది సుమారు 4. బ్రోమిన్ విషయంలో శిఖరం ఆలస్యంగా వస్తుంది. బంధం దాదాపు తెగిపోయి ఉంటుంది, హైడ్రోజన్ దాదాపుగా బ్రోమిన్‌దైపోయి ఉంటుంది, కార్బన్ దాదాపు రాడికలే. అందుకే ఆ 19 లో చాలా భాగం శిఖరం ఎత్తులోనే బయటపడుతుంది.

ఈ 4కూ 19కూ మధ్య తేడా మామూలు తేడా కాదు, ఎందుకంటే వేగం ఉత్తేజన శక్తి మీద ఎక్స్‌పొనెన్షియల్‌గా ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర 4 కిలోజౌళ్ల తేడా ఆరీనియస్ సమీకరణంలో పెడితే 5 రెట్లు వస్తుంది. 127 డిగ్రీల దగ్గర 19 పెడితే సుమారు 300 రెట్లు. కొలిచిన 1600 ఇంకా ఎక్కువే. మనం వాడినవి గుండ్రని బంధశక్తులు, పైగా ఆరీనియస్ సమీకరణంలో ముందుండే గుణకం రెండు చోట్లా ఒకటే అనుకున్నాం, కాబట్టి అంకెకు అంకె కలవదు. ఒకటి పదిలోపు ఎందుకు ఆగిందో, ఇంకోటి వందలు దాటి ఎందుకు వెళ్లిందో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ఆకలిగా ఉన్నవాడు ఏది పెట్టినా తింటాడు, తీరికగా ఉన్నవాడు ఎంచుకుని తింటాడు అని క్లాసులో చెబుతుంటారు. గుర్తుండడానికి పనికొస్తుంది కానీ, దానివల్ల “నెమ్మదిగా జరిగే చర్యలన్నీ సెలెక్టివ్” అనే భ్రమ పడుతుంది. నెమ్మదితనం కారణం కాదు. మీథేన్‌తో క్లోరిన్ ఉత్తేజన శక్తి సుమారు 16 కిలోజౌళ్లు, బ్రోమిన్‌ది సుమారు 78. బ్రోమిన్ నెమ్మదిగా ఉండటానికీ ఎంచుకోవడానికీ మూలం ఒకటే: హైడ్రోజన్–బ్రోమిన్ బంధం బలహీనం, కాబట్టి లాగే మెట్టు ఉష్ణగ్రాహకం, కాబట్టి శిఖరం ఎత్తుగానూ ఉంటుంది, ఆలస్యంగానూ వస్తుంది. మీ జవాబులో ఈ వరస రాయండి. రెండు వాక్యాలు చాలు, పూర్తి మార్కులు పడతాయి.

1, 3.9, 5.2 అన్నవి ఏ ఉష్ణోగ్రతకైనా వర్తించే అంకెలు కావు. వేడి పెంచేకొద్దీ చిన్న తేడాలకు విలువ తగ్గి, క్లోరినేషన్ నిష్పత్తి 1, 1, 1 వైపు జరుగుతుంది. ప్రశ్నలో నిష్పత్తి ఇస్తే దాన్నే వాడండి, బట్టీపట్టింది వాడకండి.

ఇప్పుడు కొంచెం పెద్ద అణువు తీసుకుందాం, 2-మీథైల్‌బ్యూటేన్. ఎంట్రన్స్ పరీక్షలకు ఇది చాలా ఇష్టమైన అణువు. ఇందులో నాలుగు రకాల హైడ్రోజన్లున్నాయి: కొమ్మ వైపున్న రెండు మీథైళ్ల మీద 6 ప్రైమరీ, అవతలి చివర 3 ప్రైమరీ, మధ్యలో 2 సెకండరీ, 1 టెర్షియరీ. క్లోరిన్‌తో లెక్కిస్తే 6, 3, 7.8, 5.2, మొత్తం 22. శాతాల్లో వరుసగా 27.3, 13.6, 35.5, 23.6. నాలుగూ చెప్పుకోదగ్గ మోతాదులోనే వచ్చాయి, ఏదీ సగం కూడా లేదు. ల్యాబ్‌లో ఒక్క పదార్థం కావాలనుకునేవాడికి ఇది పనికిరాని మిశ్రమం. అదే బ్రోమిన్‌తో 6, 3, 164, 1600, మొత్తం 1773. టెర్షియరీ 90 శాతం, సెకండరీ 9 శాతానికి కాస్త పైన. బ్రోమిన్ అనగానే నూటికి నూరు టెర్షియరీ అని రాయకండి, పక్కన సెకండరీ హైడ్రోజన్లుంటే అవి కూడా వాటా తీసుకుంటాయి.

ఇదే అణువు మీద ఐఐటీ ప్రవేశ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: మోనోక్లోరినేషన్‌లో మొత్తం ఎన్ని ఐసోమర్లు వస్తాయి, ఆ మిశ్రమాన్ని అంశిక స్వేదనం చేస్తే ఎన్ని భాగాలుగా విడిపోతుంది? జవాబు 6, 4. నాలుగు నిర్మాణాల్లో 1-క్లోరో-2-మీథైల్‌బ్యూటేన్, 2-క్లోరో-3-మీథైల్‌బ్యూటేన్ రెండూ కైరల్, అంటే అద్దంలో ప్రతిబింబంతో ఏకీభవించని అణువులు. ఒక్కోదానికి కుడి, ఎడమ రూపాలు రెండేసి ఉంటాయి, కాబట్టి మొత్తం 6. కానీ ఆ జంట రూపాల మరిగే ఉష్ణోగ్రతలు ఒకటే, స్వేదనంలో విడిపోవు, కాబట్టి భాగాలు 4. 2-క్లోరో-3-మీథైల్‌బ్యూటేన్‌లో కొత్తగా ఏర్పడిన కైరల్ కేంద్రం దగ్గర రెండు రూపాలూ సమానంగా ఎందుకొస్తాయంటే, మధ్యలో ఏర్పడే రాడికల్ దాదాపు సమతలంగా ఉంటుంది, క్లోరిన్ అణువును అది ఏ ముఖం వైపైనా అందుకోగలదు. 1940లో ఖరాష్, హెచ్. సి. బ్రౌన్ తదితరులు ఒకే రూపంలో ఉన్న 1-క్లోరో-2-మీథైల్‌బ్యూటేన్‌ను తీసుకుని, దాని రెండో కార్బన్ మీద క్లోరిన్ చేరిన ఉత్పన్నం రెసిమిక్‌గా, అంటే రెండు రూపాలూ సమానంగా కలిసి వచ్చిందని చూపించారు. ఆ కార్బన్ దగ్గర రాడికల్ ఏర్పడుతుందనడానికి అది నేరుగా దొరికిన రుజువు.

ఫ్లోరిన్, అయోడిన్ గురించి మీరు చివర్లో అడిగారు. అదే లెక్క వేయండి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ బంధం 570, కాబట్టి మీథేన్ నుంచి హైడ్రోజన్‌ను లాగడమే మైనస్ 131. రెండో మెట్టు కూడా కలిపితే మోల్‌కు 430 కిలోజౌళ్ల దాకా బయటికి వస్తుంది. ఆ శక్తి కార్బన్–కార్బన్ బంధాలను కూడా తెంచగలదు, అందుకే పలుచన చేయకుండా కలిపితే పేలుతుంది. హైడ్రోజన్ అయోడైడ్ బంధం 298, లాగే మెట్టు ప్లస్ 141, గొలుసు ముందుకే సాగదు. పైగా ఏర్పడే హైడ్రోజన్ అయోడైడ్ ఆల్కైల్ అయోడైడ్‌ను తిరిగి ఆల్కేన్‌గా మార్చేస్తుంది. ఇంటర్ పుస్తకంలో అయోడిక్ ఆమ్లం సమక్షంలో అని రాసి ఉండేది ఆ హైడ్రోజన్ అయోడైడ్‌ను ఎప్పటికప్పుడు ఆక్సీకరించి తీసేయడానికే.

ఇదంతా పరీక్షల కోసమేనా అనిపిస్తే, హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ల్యాబుల్లో రోజూ జరిగే పని ఒకటి చెబుతాను, నేనూ కొంతకాలం చేశాను. రక్తపోటు మందులు లోసార్టాన్, వల్సార్టాన్ తయారీలో ఓటీబీఎన్ (ఆర్థో-టోలైల్ బెంజోనైట్రైల్) అనే పదార్థాన్ని బ్రోమో ఓటీబీఎన్‌గా మార్చే మెట్టు ఒకటుంది. అందులో జరిగేది బెంజీన్ వలయానికి అతుక్కుని ఉన్న మీథైల్ సమూహం మీద ఫ్రీ రాడికల్ బ్రోమినేషన్. అక్కడి కార్బన్–హైడ్రోజన్ బంధం 375 దగ్గర ఉంటుంది, టెర్షియరీ కంటే కూడా బలహీనం, ఎందుకంటే ఏర్పడే బెంజైల్ రాడికల్ వలయంలోకి విస్తరిస్తుంది. వలయం మీది హైడ్రోజన్లను తెంచాలంటే 460కి పైగా కావాలి, బ్రోమిన్ పరమాణువు వాటి జోలికి పోదు. అయితే అదే రియాక్షన్‌లో ఇనుము పడితే అది బ్రోమిన్‌తో కలిసి ఫెర్రిక్ బ్రోమైడ్ అనే లూయీ ఆమ్ల ఉత్ప్రేరకంగా మారుతుంది, కథ మారిపోతుంది, బ్రోమిన్ రాడికల్‌గా కాక ఎలక్ట్రోఫైల్‌గా (ఎలక్ట్రాన్లను వెతుక్కునే కణంగా) వలయం మీదకే వెళుతుంది.

ల్యాబ్‌లో చాలాసార్లు బ్రోమిన్‌కు బదులు ఎన్‌బీఎస్ (ఎన్-బ్రోమోసక్సినిమైడ్) వాడతాం. వోల్ 1919లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని జీగ్లర్ 1942లో అందరికీ పనికొచ్చేలా చేశాడు. ఎన్‌బీఎస్ గొప్పతనమేమిటంటే, చర్యలో పుట్టే హైడ్రోజన్ బ్రోమైడ్‌తో కలిసి బ్రోమిన్‌ను కొద్దికొద్దిగా మాత్రమే విడుదల చేస్తుంది, కాబట్టి ద్విబంధాలున్న అణువుల్లో కూడా బ్రోమిన్ ద్విబంధానికి చేరిపోకుండా పక్క కార్బన్ మీదకు వెళుతుంది. ఒకప్పుడు దీన్ని కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో చేసేవారు. అందులో ఎన్‌బీఎస్ కరగదు, బరువు కాబట్టి ఫ్లాస్కు అడుగున ఉంటుంది. చర్య సాగేకొద్దీ అడుగున ఉన్న పొడి తరిగిపోతూ, దాని నుంచి ఏర్పడిన సక్సినిమైడ్ తేలికగా పైకి తేలుతుంది. అడుగు ఖాళీ అయి పొడి అంతా పైకి వచ్చిందంటే చర్య అయిపోయినట్టే, కంటితోనే తెలిసిపోయేది. ఓజోన్ పొరను కాపాడేందుకు మాంట్రియల్ ఒప్పందం వచ్చాక ఆ ద్రావణి వాడకం మానేశారు. వేరే ద్రావణుల్లో ఈ సదుపాయం ఉండదు, మిశ్రమంలో ఏది ఎంతుందో చెప్పే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చూసుకుంటూ ఉండాలి.

అక్కడ వచ్చే అసలు తలనొప్పి డైబ్రోమో మలినం. ఒక బ్రోమిన్ చేరాక కూడా అదే కార్బన్ మీద మరో రెండు బెంజైల్ హైడ్రోజన్లు మిగిలే ఉంటాయి. ముడిపదార్థం తగ్గేకొద్దీ బ్రోమిన్ పరమాణువుకు ఎదురయ్యేది ఎక్కువగా ఉత్పన్నమే. అందుకే చర్యను నూరు శాతం దాకా లాగరు, ముడిపదార్థం కొంచెం మిగిలి ఉండగానే ఆపి, శుద్ధి చేసుకుంటారు. మీథేన్ క్లోరినేషన్‌లో మిథైల్ క్లోరైడ్ మాత్రమే కావాలంటే మీథేన్‌ను బాగా ఎక్కువగా తీసుకోమని మీ పుస్తకం చెప్పేది సరిగ్గా ఈ కారణానికే. ఒక మాట జాగ్రత్తగా వినండి: బెంజైల్ బ్రోమైడ్ జాతి పదార్థాలు కళ్లను తీవ్రంగా మండిస్తాయి. డిగ్రీ ప్రాజెక్టులో ఎప్పుడైనా చేయాల్సివస్తే ఫ్యూమ్ హుడ్ బయట మూత తీయకండి.

మీరు సొంతంగా చేసి చూసుకోవడానికి 2,3-డైమీథైల్‌బ్యూటేన్ ఇస్తున్నాను. ప్రైమరీ హైడ్రోజన్లు 12, టెర్షియరీవి 2. పై నిష్పత్తితో క్లోరిన్‌కు 12, 10.4 వస్తాయి, అంటే ప్రైమరీ క్లోరైడ్ సుమారు 54 శాతం, టెర్షియరీ 46. బ్రోమిన్‌కు 12, 3200, టెర్షియరీ 99.6 శాతం. ఈ అణువు మీదే గ్లెన్ రస్సెల్ 1957లో ఒక అందమైన ప్రయోగం చేశాడు. క్లోరినేషన్‌ను మామూలు ద్రావణిలో కాక బెంజీన్‌లో జరిపితే టెర్షియరీ క్లోరైడ్ వాటా బాగా పెరిగింది. క్లోరిన్ పరమాణువు బెంజీన్ ఎలక్ట్రాన్ మేఘంతో వదులుగా ముడిపడుతుంది. ఆ ముడి వదులుకుని హైడ్రోజన్‌ను లాగాలంటే మెట్టు అంత లాభసాటిగా ఉండదు, శిఖరం ఆలస్యంగా వస్తుంది, కార్బన్ మీద రాడికల్ లక్షణం ఎక్కువ కనబడుతుంది. పైన బ్రోమిన్‌కు చెప్పిన వరసే ఇక్కడ క్లోరిన్‌కు వర్తిస్తోంది. శక్తి రేఖాచిత్రం రెండుసార్లు, బెంజీన్ లేకుండా ఒకటి, బెంజీన్‌తో ఒకటి గీసి చూడండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ బొమ్మ పెట్టి అడగండి, ఎక్కడ తేడా వచ్చిందో చెబుతాను.